హెచ్.ఐ.వి.తో పాటు హెపటైటిస్-బి: ఒకే ఒంట్లో రెండు వైరస్‌లు



ఈ పూట మనం రెండు వైరస్‌ల గురించి మాట్లాడుకుందాం. ఒకటి హెచ్.ఐ.వి., రెండవది హెపటైటిస్-బి. ఈ పేర్లు మీరు విడివిడిగా వినే ఉంటారు. ఈ రెండూ ఒకే మనిషి ఒంట్లో చేరితే ఏమవుతుందనేది మాత్రం మనవైపు అంతగా చెప్పుకోని విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం హెచ్.ఐ.వి. ఉన్న ప్రతి వంద మందిలో సుమారు ఏడుగురికి హెపటైటిస్-బి కూడా ఉంది. మన దేశంలో సాధారణ జనంలోనే నూటికి ముగ్గురు నలుగురు ఈ కాలేయపు వైరస్‌ను మోస్తున్నారని అంచనా. వాళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

బళ్ళారి, రాయచూరు, హోసూరు, కృష్ణగిరి, రాయగడ, బరంపురం, నాందేడ్, చంద్రపూర్, యానాం - ఈ ప్రాంతాలలో ఉండి వింటున్న మీకు ఈ విషయం మరికొంచెం దగ్గరది. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్ బృందం మన దేశంలో మొట్టమొదటిసారిగా హెచ్.ఐ.వి.ని గుర్తించింది. ఆ తరువాత 2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టినప్పుడు, ఢిల్లీ కాక తొలి విడతకు ఎంచుకున్న ఆరు రాష్ట్రాలలో నాలుగు మనవే: ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర. అంటే ఈ మందులు చాలా కాలంగా వాడుతున్నవారు మన చుట్టుపక్కల ఊళ్ళలో ఎందరో ఉన్నారన్నమాట. వాళ్ళలో ఇరవై ఏళ్ళుగా ఆరోగ్యంగా ఉండి, మనవళ్ళను ఎత్తుకున్నవారూ ఉన్నారు.

ఇంత బాగా పనిచేసే మందులున్నప్పుడు మళ్ళీ ఈ ప్రసంగం ఎందుకని మీరు అడగవచ్చు. హెచ్.ఐ.వి. మందులు వైరస్‌ను అణచిపెడతాయి, తుడిచిపెట్టవు. ఎక్కడ దాక్కుంటుందో, ఎందుకు పోదో తెలిస్తే తప్ప, పక్కన హెపటైటిస్-బి చేరితే వచ్చే చిక్కు బోధపడదు. అందుకని ముందు అక్కడి నుంచి మొదలుపెడతాను.

వ్యవసాయం చేసేవారికి తుంగ గురించి చెప్పనక్కరలేదు. పైన ఆకు ఎంత కోసినా, దున్నినా, నేలలో గడ్డ ఉన్నంతకాలం తుంగ మళ్ళీ మొలుస్తుంది. హెచ్.ఐ.వి. కూడా అంతే. అది మన రక్తంలోని సీడీ-4 అనే తెల్లకణాలలోకి దూరి, తన జన్యు పదార్థాన్ని ఆ కణం జన్యువులలోనే కుట్టేసుకుంటుంది. అలాంటి కణాలు చాలావరకు త్వరగానే చచ్చిపోతాయి. కొన్ని మాత్రం నిద్రపోతున్నట్టుగా సంవత్సరాల తరబడి బతికే ఉంటాయి. మనకు ఒకసారి వచ్చిన జబ్బులను గుర్తుపెట్టుకునే కణాలివి, ఎక్కువకాలం బతకడమే వీటి పని. మందు పనిచేసేది పుట్టే వైరస్ మీద. నిద్రపోతున్న కణంలో ఏ వైరసూ పుట్టదు గనుక మందుకు అక్కడ పట్టు దొరకదు. ఈ నిల్వ ఉన్న సంగతి 1997లో రుజువైంది. మందులు సక్రమంగా వాడుతున్నవారిలో కూడా ఇది సగానికి తగ్గడానికి సుమారు 44 నెలలు పడుతుందని, ఆ లెక్కన పూర్తిగా పోవాలంటే 70 ఏళ్ళకు పైగా కావాలని శాస్త్రజ్ఞులు కట్టిన లెక్క. పరీక్షలో వైరస్ కనబడలేదంటే తుంగ ఆకు లేదని అర్థం. గడ్డ లేదని కాదు.

ఇప్పుడు హెపటైటిస్-బి సంగతి. దీన్ని 1965లో అమెరికా శాస్త్రజ్ఞుడు బరూచ్ బ్లూమ్‌బర్గ్, ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలోని ఒక పదార్థం ద్వారా పసిగట్టాడు. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పుట్టినరోజైన జూలై 28నే ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుకుంటున్నాం. ఈ వైరస్ నివాసం కాలేయం. కాలేయ కణం నడిబొడ్డున, గింజలాంటి భాగంలో, చిన్న వలయంగా చుట్టుకుని కూర్చుంటుంది. ఆ వలయాన్ని ఇప్పుడున్న మందులేవీ తీయలేవు. అంటే రెండూ తుంగలే. ఒకటి రక్తకణాలలో, మరొకటి కాలేయంలో.

ఒక విచిత్రం చూడండి. ఈ రెండు వైరస్‌లు ఒకదానికొకటి బంధువులు కావు, అయినా సంతానాన్ని పెంచుకోవడానికి రెండూ ఒకే రకం పనిముట్టు వాడతాయి. దాన్ని రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అంటారు. అందుకే ఒకే మందు రెండింటి మీదా పనిచేయగలుగుతోంది. టెనోఫోవిర్ అలాంటిది. లామివుడిన్ కూడా అలాంటిదే. ఇది మనకు అదృష్టమే, కాని ఆ అదృష్టంలో ఒక మెలిక ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కామెర్లు ఎందుకొస్తాయి? వైరస్ కాలేయాన్ని కొరికి తినేయడం వల్ల అనుకుంటాం. నిజానికి హెపటైటిస్-బి వైరస్ తానున్న కణాన్ని చంపదు. ఎలుకను పట్టుకోవడానికి ఇల్లు తగలబెట్టినట్టు, వైరస్‌ను వెతుక్కుంటూ వచ్చిన మన రక్షక కణాలే ఆ కాలేయ కణాలను చంపుతాయి. పెద్దవయసులో వైరస్ సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా ఈ పోరులో గెలుస్తారు, వైరస్ అణగిపోతుంది. పసిపిల్లలకు సోకితే తిరగబడుతుంది. నూటికి తొంభై మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది, ఎందుకంటే పసివాడి రక్షక కణాలు దాన్ని శత్రువుగా గుర్తించవు. హెచ్.ఐ.వి. ఉన్న పెద్దవారి పరిస్థితి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. సైన్యం తగ్గింది గనుక హెపటైటిస్-బి పాతుకుపోవడం మిగతా పెద్దవారిలో కంటే వీరిలో చాలా ఎక్కువ.

ఇక్కడ ఒక సందేహం రావాలి. కాలేయాన్ని పాడుచేసేది మన రక్షక కణాలే అయితే, హెచ్.ఐ.వి. వల్ల ఆ కణాలు తగ్గితే కాలేయానికి మేలే కదా? పైకి అలాగే కనబడుతుంది. మందులు మొదలుపెట్టని హెచ్.ఐ.వి. రోగులలో, కాలేయపు దెబ్బను చూపించే ఎంజైమ్‌లు ఒక్కొక్కసారి పెద్దగా పెరగవు. రిపోర్టు బాగానే ఉందని సంతోషిస్తాం. లోపల మాత్రం హెపటైటిస్-బి వైరస్ విపరీతంగా పెరుగుతుంటుంది, కాలేయం మెల్లగా గట్టిపడుతుంటుంది. అమెరికాలో కొన్ని వేల మంది పురుషులను ఏళ్ళ తరబడి గమనించి 2002లో ప్రచురించిన పరిశీలనలో, రెండు వైరస్‌లూ ఉన్నవారు కాలేయ జబ్బుతో చనిపోయే రేటు, హెపటైటిస్-బి ఒక్కటే ఉన్నవారికంటే సుమారు 17 రెట్లు ఎక్కువని తేలింది.

మరి కాలేయం ఎందుకంత త్వరగా చెడుతుంది? దీనికి జవాబు పేగులలో మొదలవుతుంది. మన సీడీ-4 కణాలలో పెద్ద భాగం పేగు గోడలలోనే ఉంటుంది. హెచ్.ఐ.వి. సోకిన తొలి వారాలలోనే అక్కడ పెద్ద నష్టం జరుగుతుంది. కాపలా పోయిన గోడలోంచి పేగులలోని సూక్ష్మజీవుల ముక్కలు రక్తంలోకి కారుతాయి. ఈ సంగతి 2006లో స్పష్టంగా బయటపడింది. పేగుల నుంచి వచ్చే రక్తమంతా ముందు వెళ్ళేది కాలేయానికే. కాలేయంలో ఈ చెత్తను ఊడ్చే పారిశుధ్య కణాలున్నాయి, వాటిని కుఫర్ కణాలంటారు. రోజూ మోయలేనంత చెత్త వస్తుంటే అవి రెచ్చిపోతాయి, వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. అదే కాలేయంలో హెపటైటిస్-బి కూడా ఉందనుకోండి, ఆ ఊడ్చే శక్తే సన్నగిల్లుతుంది.

దీన్ని భగ్గున మండే మంట అనుకోకండి. ఊక పొయ్యి లాంటిది. పైకి పొగ కూడా కనబడదు, చెయ్యి పెడితే తెలుస్తుంది. ఇలా ఏళ్ళ తరబడి కుమిలే వేడినే డాక్టర్లు దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్ అంటారు. హెచ్.ఐ.వి. మందులు చక్కగా వాడుతున్నవారిలో కూడా ఇది పూర్తిగా చల్లారదు. గుండెపోటు, మూత్రపిండాల జబ్బు, కాలేయం గట్టిపడటం వీరిలో కాస్త ముందుగా రావడానికి ఇదొక కారణం. ఈ వేడికి, నేను మొదట చెప్పిన తుంగ గడ్డకు సంబంధం ఉంది.

రక్షక కణాలు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి కొన్ని రసాయనాలు వాడతాయి. వాటిని కెమోకైన్లంటారు. వాటిలో సి ఎక్స్ సి ఎల్-10 అనేది ఒకటి. కాలేయంలో వాపు ఉన్నప్పుడు ఇది ఎక్కువగా తయారవుతుంది, రెండు వైరస్‌లూ ఉన్నవారిలో దీని మోతాదు పెరిగి కనబడుతుంది. 2010లో మెల్‌బోర్న్ పరిశోధకులు ప్రయోగశాలలో ఒక విషయం చూపించారు. మామూలుగా హెచ్.ఐ.వి. నిద్రపోయే కణాలలోకి తేలికగా దూరలేదు. ఈ కుటుంబానికి చెందిన రసాయనాలు ఆ కణాలను తాకితే మాత్రం తలుపు ఓరగా తెరుచుకుంటుంది. వైరస్ లోపలికి చేరి గుట్టుగా పడుకుంటుంది. ఈ లెక్కన కాలేయంలో రేగిన వేడి, కణాలను కాలేయం వైపు పిలవడమే కాక, హెచ్.ఐ.వి. నిల్వ పెరగడానికీ దారి వేస్తుండవచ్చు. కుఫర్ కణాలలో కూడా, మందులు వాడుతున్నవారిలో సైతం, హెచ్.ఐ.వి. జాడలు దొరికాయి. ఆ జాడలు మళ్ళీ జబ్బుగా మొలకెత్తగలవా అన్నదాని మీద పరిశోధన సాగుతోంది. హెచ్.ఐ.వి.ని సమూలంగా తీసేసే వైద్యం కోసం కృషి చేస్తున్నవారు కాలేయం వైపు ఇంత శ్రద్ధగా చూడటానికి కారణం ఇదే. ఒక ఊరటా ఉంది. హెపటైటిస్-బి ఉన్నంత మాత్రాన హెచ్.ఐ.వి. మందులు పనిచేయకుండా పోవు. రెండింటి మీదా పనిచేసే మందులు పడితే రెండు వైరస్‌లూ దిగివస్తాయి, వేడీ తగ్గుతుంది.

ఇప్పుడు ఆ మెలిక దగ్గరికి వద్దాం. 2004లో మొదలైన ఉచిత చికిత్సలో సాధారణంగా ఇచ్చిన మూడు మందులలో హెపటైటిస్-బి మీద పనిచేసేది లామివుడిన్ ఒక్కటే. ఒంటరిగా లామివుడిన్ ఎదురైతే హెపటైటిస్-బి వైరస్ త్వరగానే దానికి అలవాటు పడుతుంది. నాలుగేళ్ళు గడిచేసరికి పది మందిలో తొమ్మిది మందికి ఆ మందు కాలేయం విషయంలో పనిచేయదని 1999లోనే ఫ్రాన్సు డాక్టర్లు ప్రకటించారు. ఆ రోజుల్లో దొరికిన మందులు అవే, అవి లక్షల ప్రాణాలు నిలబెట్టాయి, దాన్ని తప్పుపట్టలేం. తరువాతి కాలంలో టెనోఫోవిర్ వచ్చింది. ఇప్పుడు చాలామందికి ఇస్తున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన ఒకే మాత్ర. రోజుకొకటి. ఇందులో మొదటి రెండూ కాలేయపు వైరస్‌ను కూడా పట్టుకుంటాయి.

అంటే రెండు వైరస్‌లున్న మనిషి రోజూ వేసుకునే ఆ ఒక్క మాత్ర రెండు జబ్బులకు మందు. అతనికి ఆ సంగతి తెలియకపోవచ్చు. ఎవరో చెబుతారు: "ఒరేయ్, ఆ మాత్రలు ఒంటికి వేడి చేస్తాయి, నాలుగు నెలలు ఆపి చూడు" అని. లేదా పంట కోతలకో, ఇటుక బట్టీ పనికో వేరే రాష్ట్రం వెళ్ళి, అక్కడ మందు దొరక్క ఆగిపోతాడు. హెచ్.ఐ.వి. తిరగబెట్టినా దాని చెడు కనబడటానికి కాలం పడుతుంది. హెపటైటిస్-బి అలా ఆగదు. వారాలలో, నెలలలో ఎగిసిపడుతుంది. అణిగి ఉన్న వైరస్ ఒక్కసారిగా పెరుగుతుంది, కోలుకుని ఉన్న రక్షక కణాలు దాని మీదికి ఒక్కసారిగా దూకుతాయి. ఫలితం కామెర్లు, ఒక్కొక్కసారి కాలేయం పూర్తిగా చేతులెత్తేయడం. మందు ఆపడం ప్రమాదమని అందరూ చెబుతారు. ఈ రెండు వైరస్‌లున్నవారికి ఆ ప్రమాదం రెట్టింపు, పైగా తొందరగా వస్తుంది.

డాక్టరు మందు మార్చినప్పుడూ ఈ జాగ్రత్త అవసరమే. టెనోఫోవిర్ కొందరికి మూత్రపిండాల మీద భారం పెడుతుంది, ఎముకలను కాస్త పలచబరుస్తుంది. అప్పుడు దాన్ని తీసేసి వేరే మందు ఇవ్వాలనిపించడం సహజం. హెపటైటిస్-బి ఉన్నవారికి మాత్రం దాని స్థానంలో కాలేయపు వైరస్ మీద పనిచేసే మరో మందు తప్పనిసరిగా ఉండాలి. రెండు నెలలకొకసారి వేసే కొత్త రకం ఇంజెక్షన్లు కొన్ని దేశాలలో వాడుకలోకి వచ్చాయి. అవి హెచ్.ఐ.వి.కి బాగానే పనిచేస్తాయి, హెపటైటిస్-బిని మాత్రం ముట్టుకోవు. "అయ్యా, నాకు కాలేయం జబ్బు కూడా ఉంది" అని మీ నోటితో చెప్పడమే అన్నిటికంటే మంచిది. చెప్పాలంటే ముందు మీకు తెలిసి ఉండాలి.

ఇంకొక సంగతి. హెచ్.ఐ.వి. మందులు మొదలుపెట్టిన తొలి రెండు మూడు నెలల్లో కొందరికి కాలేయ ఎంజైమ్‌లు పెరుగుతాయి, కళ్ళు పచ్చబడవచ్చు. ఇది మందు విషం కావచ్చు, లేదా లేచి కూర్చున్న రక్షక కణాలు హెపటైటిస్-బి మీద పడటం కావచ్చు. రెండింటికీ చేయవలసింది వేరు. ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదు. మందు ఆపకుండా కేంద్రానికి వెళ్ళండి.

పసరు మందు మాట ఎత్తకుండా కామెర్ల గురించి మాట్లాడితే మీరు ఒప్పుకోరు. మన ప్రాంతాలలో కామెర్లొస్తే మొదట వెళ్ళేది పసరు పోసేవారి దగ్గరికే. కొన్నిచోట్ల వాతలు కూడా పెడతారు. నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు చాలావరకు తమంతట తామే తగ్గిపోతాయి. ఆ పేరు పసరుకు వస్తుంది. హెపటైటిస్-బి దగ్గర ఈ లెక్క కుదరదు. అలాగని శాస్త్రజ్ఞులు నాటు వైద్యాన్ని ఊరికే కొట్టిపారేయలేదు. 1988లో మద్రాసు పరిశోధకులు నేల ఉసిరిక మీద చేసిన పరీక్ష లాన్సెట్ పత్రికలో వచ్చింది. బ్లూమ్‌బర్గ్ అంతటివాడు అందులో ఆసక్తి చూపాడు. ఫలితాలు ఆశాజనకంగా కనిపించాయి కూడా. తరువాత వేరేచోట్ల చేసిన పరీక్షలలో ఆ ఫలితం మళ్ళీ రాలేదు. నేల ఉసిరిక మీద నాకు కోపమేమీ లేదు. టెనోఫోవిర్ మానేసి దాన్ని పట్టుకోవడం మాత్రం ప్రాణాంతకం. సారా విషయం వేరే చెప్పాలా? రెండు వైరస్‌లు మోస్తున్న కాలేయం మీద అది మూడో బరువు.

ఇక ఎలా అంటుకుంటాయి? రెండూ రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు వస్తాయి. కలిసి భోంచేస్తే, పక్కన కూర్చుంటే, చేయి కలిపితే రావు. కాని రెండింటి శక్తి ఒకటి కాదు. రక్తం అంటిన సూది గుచ్చుకుంటే హెచ్.ఐ.వి. వచ్చే అవకాశం వెయ్యికి మూడు. హెపటైటిస్-బి అయితే, టీకా వేయించుకోనివారికి నూటికి ముప్పయి వరకు. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా హెపటైటిస్-బి కనీసం ఏడు రోజులు బతుకుతుంది. మంగలి కత్తి, పచ్చబొట్టు సూది, ఊళ్ళో చిన్న చిన్న జ్వరాలకు వేసే సూదిమందు, అన్నిటి దగ్గరా ఇది గుర్తుండాలి. 2009లో గుజరాత్‌లోని మోడాసా పట్టణంలో వాడిన సిరంజీలనే మళ్ళీ వాడటం వల్ల హెపటైటిస్-బి వ్యాపించి పదుల మంది చనిపోయారు. సూది వేసేముందు కవరు మీ ఎదుట చింపమనండి. అడగడానికి మొహమాటం వద్దు.

హెచ్.ఐ.వి.కి ఇంకా లేనిది, హెపటైటిస్-బికి ఉన్నది, టీకా. ఒకప్పుడు ఇది విదేశాల నుంచి రావలసిందే, సామాన్యుడికి అందని ధర. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ దీన్ని మన దేశంలోనే తయారుచేసి ధర దించింది. మన తెలుగు నేల మీద జరిగిన ఈ పని ప్రపంచానికి ఉపయోగపడింది. 2011 నాటికి దేశమంతటా పసిపిల్లల ఉచిత టీకాలలో ఇది చేరింది. బిడ్డ పుట్టిన 24 గంటలలోపు తొలి మోతాదు పడాలి. పుట్టింటికి కాన్పుకు వెళ్ళే ఆడపిల్లల విషయంలో, ఇంట్లో జరిగే కాన్పుల విషయంలో ఈ మొదటి రోజు టీకాయే తప్పిపోతుంటుంది. తల్లికి హెపటైటిస్-బి ఉంటే బిడ్డకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే మరో ఇంజెక్షన్ కూడా అవసరం. అందుకే గర్భిణికి ఈ పరీక్ష ముందే జరగాలి. హెచ్.ఐ.వి. ఉండి హెపటైటిస్-బి లేని పెద్దవారు కూడా టీకా వేయించుకోవాలి. వీరిలో టీకా కొంచెం మందకొడిగా పనిచేస్తుంది గనుక డాక్టరు మోతాదు పెంచవచ్చు, ఒక సూది అదనంగా వేయవచ్చు. భార్యకో భర్తకో హెపటైటిస్-బి ఉంటే ఇంట్లో మిగతావారు పరీక్ష చేయించుకుని, లేనివారు టీకా వేయించుకోవాలి.

చివరగా మన సరిహద్దు కష్టం. పరీక్ష ఒక రాష్ట్రంలో, మందులు మరో రాష్ట్రంలో. రాయచూరులో తీసిన రక్తం రిపోర్టు కర్నూలులో ఎవరి దగ్గరా ఉండదు. కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో అడిగిన ప్రశ్న సగమే అర్థమై, తల ఊపి వచ్చేస్తాం. అందుకని ఒక్క పేరు గుర్తుపెట్టుకోండి. ఏ ఆసుపత్రిలోనైనా, ఏ భాషలోనైనా మారని పేరు: హెచ్.బి.ఎస్. ఏ.జి. ఇది హెపటైటిస్-బి రక్తపరీక్ష. ఏ.ఆర్.టి. కేంద్రంలో, "నాకు హెచ్.బి.ఎస్. ఏ.జి. చేశారా, ఏమొచ్చింది?" అని అడగండి. వచ్చిన ఫలితాన్ని తేదీతో సహా మీ చికిత్స పుస్తకంలో రాయించుకోండి. ఊరు మారేటప్పుడు బదిలీ చీటీ తీసుకుని, చేతిలో కనీసం నెల రోజుల మాత్రలతో బయల్దేరండి. హెపటైటిస్-బి ఉన్నట్టు తేలితే, 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాలలో పరీక్షలు, మందులు ఉచితం. కాలేయం గట్టిపడినవారు ఆరు నెలలకొకసారి స్కానింగు చేయించుకోవాలి, కాలేయ క్యాన్సరును తొలిదశలోనే పట్టుకోవడానికి.

మీకు హెచ్.ఐ.వి. ఉందన్న కారణంగా ఏ ఆసుపత్రీ వైద్యం నిరాకరించకూడదు, మీ అనుమతి లేకుండా ఆ విషయం బయటపెట్టకూడదు. 2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. సందేహాలకు 1097 నంబరుకు ఫోను చేయవచ్చు, ఖర్చు లేదు, పేరు చెప్పనక్కరలేదు.